కరకమలముల చరిత్ర

రోడ్డు పక్క ఓ పాత గుడి ఉందనుకోండి. గుడి కంటే ముందు పురావస్తు శాఖ నీలి బోర్డు ఎదురొస్తుంది. గుడి ఎవరు కట్టించారు, దీపానికి మాన్యం ఎవరిచ్చారు అన్న ఊసు చాలాచోట్ల దాని మీద ఉండదు. ఉండేదల్లా 1958 నాటి చట్టం ప్రకారం దీన్ని పాడుచేసినవాడికి పడే శిక్ష. పాత బోర్డు మార్చని చోట మూడు నెలల జైలు, ఐదు వేల జరిమానా. 2010 సవరణ చేరిన చోట రెండేళ్లు, లక్ష రూపాయలు. గోడ మీద ప్రియురాలి పేరు గీకాలనుకునే కుర్రాడు నాలుగు ఊళ్లు తిరిగితే చవక గుడి దొరక్కపోదు.

పాపం, వాణ్ణి అనడానికీ నోరు రాదు. వాడు గీకేది బొగ్గుతో. మన పెద్దలు నల్ల గ్రానైటు మీద బంగారు రంగుతో చెక్కించుకుంటారు. నూటిరవై మీటర్ల సిమెంటు రోడ్డుకు నిలువెత్తు శిలాఫలకం. పై వరసలో అక్కడికి ఎన్నడూ రాని ముఖ్యమంత్రి, కింద మంత్రివర్యులు, వారి ‘దివ్య కరకమలములచే’, ఆ కింద ఎమ్మెల్యే, జడ్పీ చైర్మన్, ఎంపీపీ, చిట్టచివర సర్పంచ్. తన పేరు ఒక వరస దిగిందని ఎంపీపీ అలిగితే, ప్రోటోకాల్ తేలేదాకా తెర లేవదు, రోడ్డు మీద బండి కదలదు. సిమెంటు కలిపిన మేస్త్రీ పేరు సరే, రోడ్డు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకానో కూడా రాయడానికి చోటు మిగలదు. ప్రభుత్వం మారగానే సగం పేర్ల మీద తారు పడుతుంది. శంకుస్థాపన జరిగి భవనం లేవని చోట్ల ఆ రాయే కట్టడం. రక్షిత కట్టడంగా ప్రకటించాల్సింది అసలు దాన్నే.

రాతి మీద పేరు రాయించుకునే సరదా కాకతీయులకూ ఉంది, కాదనను. కానీ పేరు తర్వాత పని చెప్పేవారు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం చూడండి. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా వెనకటి రాజులు ఊడ్చుకునేవారట. ప్రాణానికి తెగించి సముద్రం మీద తిరిగే వర్తకుల సొమ్ము మాకొద్దు, ముప్పయ్యో వంతు సుంకం చాలు అన్నాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు, దేనికెంతో ధరల పట్టికతో సహా చెక్కించాడు. ఈనాడైతే ఆ పట్టికను ‘వివరాలకు కార్యాలయ పనివేళల్లో సంప్రదించగలరు’ అనే ఒక్క ముక్కతో ముగించేవాళ్లం.

నల్లగొండ జిల్లా చందుపట్ల రాయి ఇంకా చిన్నది. రాయించినవాడు రాజూ కాదు, మంత్రీ కాదు. పువ్వుల ముమ్మడి అనే ఓ బంటు. రుద్రమదేవికి, సేనాని మల్లికార్జున నాయకుడికి శివలోక ప్రాప్తి కలగాలని సోమనాథ దేవుడికి కాస్త భూమి రాసిచ్చాడు. తేదీ 1289 నవంబరు 27. ఈ రాయి బయటపడేదాకా మన చరిత్రకారులు రుద్రమను 1295 దాకా నిక్షేపంగా రాజ్యం చేయించారు. బయటపడ్డాక దిద్దుకున్నారు. ట్యాంక్‌బండ్ మీద ఆమెకు విగ్రహం ఉంది, సినిమా ఉంది. ముమ్మడికి ఏముంది? బతికుంటే ఏ వర్ధంతి ఫ్లెక్సీలోనో కింది మూలన, తపాలా బిళ్లంత ఫొటోలో ఇరుక్కునేవాడు.

మన శాసనాలు చివర్న ఓ శాపం కూడా పెడతాయి. దానమిచ్చిన భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పడి ఉంటాడని. దాని పక్కన 1958 వారి మూడు నెలలు బొత్తిగా మొహమాటం. మాన్యాలున్న చోట లేచిన వెంచర్లు చూస్తే మాత్రం శాపానికీ సెక్షనుకూ సమాన గౌరవమే దక్కిందని ఒప్పుకోవాలి.

‘ఏం రాయి తాతా ఇది?’ అని ఊళ్లో శాసనం చూపించి అడిగి చూడండి. ‘బర్రెను కట్టేసే రాయి బిడ్డా’ అంటాడు. పక్కాయన గుడికి రంగులేయించిన దాత. శాసనం మీద కూడా రెండు పూతలు ఎనామిల్ కొట్టించి, ఎంత శుభ్రంగా ఉందో చూడమంటాడు. తాత మీద నాకు కోపం లేదు. తాడు రాపిడికి అక్షరం అరగడానికి తరాలు పడుతుంది. దాతకు ఒక్క మధ్యాహ్నం చాలు.

రాతి మీద అక్షరం కనిపిస్తే విలువైనదని గట్టిగా నమ్మే వర్గం తెలుగు రాష్ట్రాల్లో ఒకటుంది. గుప్తనిధులవాళ్లు. పురావస్తు శాఖ జీపుకు డీజిల్ మంజూరయ్యేలోపు వాళ్లు అమావాస్య చూసుకుని, నిమ్మకాయలు, గడ్డపారలు పట్టుకుని వచ్చేస్తారు. శాసనం చదవడం రాదు, చదివించే ఓపికా లేదు. రాయిని పక్కకు దొర్లించి నిలువు లోతు తవ్వుతారు. ఏమీ దొరక్క తెల్లారకముందే పోతారు. పొద్దెక్కాక పోలీసులు వచ్చి పంచనామా రాస్తారు. రెండు పారలు, ఒక తట్ట, ఏడు నిమ్మకాయలు, కోడి ఈకలు స్వాధీనం. ‘రెండు ముక్కలైన పాత రాయి ఒకటి’ అని కూడా రాసి, అంచనా విలువ అన్న గడి దగ్గర రైటర్ ఓ క్షణం ఆగుతాడు. ఎస్సై గారి వైపు చూసి, ‘నిల్’ అని వేస్తాడు.