కాళ్లతో పనేముంది, మనసుంటే చాలు!

ఒంటికి హద్దుల్లేవట. ఉన్నవన్నీ బుర్రలోనేనట. నంద్యాల కల్యాణ మండపాల్లో మైకు పట్టిన ప్రతి మోటివేషన్ సారూ పిల్లలకు ఇదే చెప్తాడు. చెప్పి రన్నర్ డెరెక్ రెడ్‌మండ్ వీడియో వేస్తాడు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్, 400 మీటర్ల సెమీఫైనల్. తొడ కండరం తెగి కుంటుతున్న కొడుకును తండ్రి వచ్చి పట్టుకుంటాడు. చప్పట్లు! ఫలితాల్లో ఆ పరుగు పూర్తికానట్టే లెక్క, రెడ్‌మండ్ మళ్లీ ఒలింపిక్స్‌లో పరుగెత్తనేలేదు. అది చెప్తే చప్పట్లు తగ్గవూ?

సరే, అంతా మనసే అనుకుందాం. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి సంగతేమిటో మరి ఈ సార్లే తేల్చాలి. 100 మీటర్ల హర్డిల్స్‌లో పది హర్డిళ్లు, ఒక్కోటి 84 సెంటీమీటర్లు, మధ్యలో మూడే అంగలు. 2023లో ఆమె 12.78 సెకన్లలో దాటింది. పారిస్ ఒలింపిక్స్ అర్హతకు 12.77 కావాలి. 2024లో మళ్లీ అదే 12.78. రెండుసార్లూ సెకనులో నూరోవంతు మనోబలం తగ్గింది కాబోలు! ర్యాంకింగ్ పుణ్యాన పారిస్ వెళ్లింది. 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో ఆసియా స్వర్ణం నిలబెట్టుకుంది. కొన్ని వారాలకే మోకాలు దెబ్బతింది, ఆపరేషన్ అయింది, టోక్యో ప్రపంచ పోటీలు పోయాయి. మేలో ఉన్న మనోబలం అంతలోనే యాడికి పోయింది సామీ? మోకాలి లిగమెంటుకు ఉపన్యాసాలు వినపడవు. బాగుచేశాక కూడా నెలల తరబడి ఆగమంటుంది.

చైనా హర్డిలర్ లియు షియాంగ్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాలి నొప్పితో వెనుదిరిగితే నాటకమన్నవాళ్లున్నారు. 2012 లండన్‌లో నొప్పితోనే దిగాడు. మొదటి హర్డిల్ దగ్గరే మడమ వెనక స్నాయువు తెగింది. మనోబలానికి లోటేమీ లేదు.

ఒంటికి హద్దులుంటాయని రైతుకు తెలుసు. మహానంది, ఆళ్లగడ్డ వైపు బండలాగుడు పందేల్లో గిత్తల పళ్లు చూసి వయసును బట్టి విభాగాలు చేస్తారు. రెండు పళ్ల గిత్తను సీనియర్ల బండకు కట్టమనండి, రైతు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. గిత్త కుంటితే కాడి దించేస్తాడు. నంది చెవిలో కోరికలు చెప్పుకొనే సీమే గానీ, “నీ హద్దులు నీ బుర్రలోనే ఉన్నాయి” అని గిత్త చెవిలో చెప్పినవాణ్ని నేనింతవరకూ చూడలేదు.

ఆ తెలివి బడి మైదానం గేటు దగ్గరే ఆగిపోతుంది. పొద్దున 100, మధ్యాహ్నం 200, సాయంత్రం రిలే, అన్నిటికీ ఒకే పిల్ల. పిక్క పట్టేస్తే స్ప్రే కొట్టి, “ఏంగాదులే పాపా, ఉరుకు” అంటాం.

పీఈటీ సార్లకు ఒక్క మనవి. తొడ పట్టేసిందని పిల్ల చెప్పిన రోజు వీడియో వేయకండి. రిలే జట్టులోంచి పేరు కొట్టేసి, ఎముకల డాక్టరు దగ్గరికి పంపండి.