రెండుసార్లు ఫస్టియర్ చదివిన పెట్టె

నేనొక ఆకుపచ్చ రేకు పెట్టెని. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రెండుసార్లు ఫస్టియర్ చదివాను, ఒక్కసారీ పరీక్ష రాయలేదు. మొదటిసారి 1966లో, తాత ఎమ్మేలో చేరినప్పుడు. రెండోసారి 2014లో, మనవడికి ఇంజినీరింగు సీటు వచ్చినప్పుడు. మధ్యలో అటకమీద ఇత్తడి సామాను మోశాను. ఆ ఉద్యోగం గురించి చెప్పుకోడానికేమీ లేదు.

రాష్ట్రం రెండైన ఏడాది అది. కౌన్సెలింగు ఆలస్యమై ఎట్టకేలకు సీటు తేలాక, చక్రాల సూట్‌కేసు కొందామన్నాడు కుర్రాడి తండ్రి. తాత ఒప్పుకోలేదు. నన్ను దింపించి, గొళ్లేనికి కొబ్బరినూనె రాసి, కొత్త తాళం వేసి, తాళంచెవి మనవడి మొలతాడుకి కట్టించాడు.

"పెట్టికీ తాళముండాల, నోటికీ తాళముండాల. పరాయి ఊరు."

నాకు నవ్వొచ్చింది. ఎందుకో తరవాత చెబుతాను.

ఆమదాలవలసలో రైలెక్కి విశాఖలో దిగాం. గదిలో నలుగురు. మిగతా మూడూ చక్రాల పెట్టెలే. నన్ను మంచం కిందికి తోస్తే గచ్చు కీచుమంది, మావాడి చెవులు ఎర్రబడ్డాయి. మొదటి నెలంతా వాడు మాటలు తూచి వాడాడు. "ఏటి" అనబోయి "ఏంటి" అనేవాడు. గుంటూరు కుర్రాడు ఒకసారి నవ్వాడు మరి. తెలుగులో చకచకా చేసిన లెక్కలే ఇక్కడ ఇంగ్లీషులో ఎదురొచ్చి ఎవరో కొత్తవాళ్లలా చూసేవి. రాత్రి దీపాలార్పాక మెల్లగా నా మూత తీసి, అమ్మ పెట్టిన జంతికలు దుప్పటి ముసుగులో నమిలేవాడు. జంతికల్ని చప్పుడు లేకుండా తినడం ఎవరివల్లా కాదు. ముగ్గురికీ తెలుసు. ఎవరూ అడగలేదు.

నా అవస్థ వేరు. సముద్రం దగ్గర. రేకుమీది జింకు పూత తాను కరిగిపోతూ ఇనుమును కాస్తుంది, పూత పూర్తిగా అరిగినచోట ఉప్పు తేమ ఇనుమునే తింటుంది. అటకమీద ఇన్నేళ్లలో పట్టనంత తుప్పు వారాల్లో పట్టింది.

అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను వచ్చింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి. తలుపు గడియ ఊడిపోతే నలుగురూ నన్ను ఈడ్చి అడ్డంపెట్టి నామీద కూర్చున్నారు. చక్రాల పెట్టెలు ఈ పనికి రావు, జారిపోతాయి. (చెప్పుకోకుండా ఉండలేను.) ఉన్నట్టుండి గాలి ఆగింది. అయిపోయిందనుకుని బయటికెళ్లి కూలిన చెట్లు చూసొచ్చారు. అయిపోలేదు, తుపాను కన్ను ఊరిమీదుగా పోతోంది. ఈసారి ఎదుటి దిక్కు నుంచి కొట్టింది. కిటికీ అద్దాలు పగిలాయి, నన్ను నిలబెట్టి అక్కడ ఆనించారు. లోపలికి నీళ్లు దిగాయి, గొళ్లెం వంగింది.

ఆ తరవాత కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. మిగిలిన జంతికలూ అటుకులూ నా మూతమీదే పరుచుకుని తిన్నారు.

"ఏట్రా, ఇంకేటున్నాయి?"

అడిగింది మావాడు కాదు, గుంటూరు కుర్రాడు.

అప్పట్నుంచి నాకు తాళం పడలేదు. ఎవరెవరి లుంగీలో, ఎవడిదో మినీ డ్రాఫ్టరు, తిరిగివ్వని డ్రాయింగ్ షీట్లు నాలో చేరాయి. వచ్చినవాడల్లా మూత తీసేవాడే. పెట్టెపుట్టుక పుట్టినదానికి ఇది అవమానమే. మావాడు మాత్రం రాత్రిళ్లు హాయిగా నిద్రపోయేవాడు.

అడుగున అంటించిన పాత న్యూస్‌పేపరు తడిసి ఊడిపోతుంటే ఒకరోజు లాగేశాడు. కింద కరపత్రాలు: 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు'.

1966 అక్టోబరులో విశాఖకు ఉక్కు కర్మాగారం కావాలని అమృతరావుగారు నిరాహారదీక్షకు కూర్చుంటే విద్యార్థులు వీధుల్లోకొచ్చారు. నవంబరు 1న కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి తాత బొంగురుపోయిన గొంతుతో గదికొచ్చి, మిగిలిన కరపత్రాలు నా అడుగున పరిచి, పైన పేపరు అంటించాడు. ఇంట్లో చెప్పలేదు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేసిన రోజు కూడా నోరు విప్పలేదు. ఉక్కు కోసం జరిగిన గొడవను దాచింది మాత్రం ఈ రేకే.

వేసవి సెలవులకి నన్ను తాడుతో కట్టి ఊరికి తెచ్చాడు. తాత అరుగుమీదే అడ్డుకున్నాడు.

"తాళం ఏటి సేసినావురా?"

మావాడు తాడు విప్పి, మడతలు చిట్లిన కాగితం తీసి తాత చేతిలో పెట్టాడు.

"ముందు నీ నోటి తాళం కత సెప్పు తాతా."

వంటింట్లో రోలు చప్పుడు ఆగింది.