నిగనిగలు సరే, అవ్వ ఎక్కగలదా?

కొత్త కారు కొంటే మొదటి పూజకు మంత్రాలయం తీసుకుపోవడం మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మారిందల్లా ఆ కారులోంచి మనుషులు దిగే తీరు. మా రోజుల్లో అంబాసిడర్ వెనక డోరు తీస్తే ముసలామె కుర్చీలోంచి లేచినట్టు లేచి నిలబడేది. ఇప్పుడు ఆరాధన రోజుల్లో మఠం దగ్గర కార్లు ఆపే చోట కాసేపు నిలబడి చూడండి. బెంగళూరు నంబరు కానీ, హైదరాబాదు నంబరు కానీ, కథ ఒకటే. ముందు కొడుకు దిగి, చుట్టు తిరిగి వచ్చి వెనక డోరు తీస్తాడు. తల్లి ఒక కాలు బయట పెడుతుంది. తల వంచుతుంది. కొప్పు పైరేకుకు తగిలి మళ్లీ వెనక్కి వాలుతుంది. కొడుకు ఒక చేయి, కోడలు ఒక చేయి పట్టుకుని లాగితే గానీ ఆమె పాదం రెండోది నేల మీదికి రాదు. ఇది చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

‘మీ కాలంలో అంబాసిడర్ తప్ప ఏముంది తాతా, మీకు యూరప్ కార్ల సంగతి ఏం తెలుసు’ అంటాడు మా మనవడు. మేము నడిపినవన్నీ యూరప్ బండ్లే కదా! అంబాసిడర్ ఎక్కడిది? ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అని ఉన్నదాన్నే 1958 నుంచి 2014 దాకా ఉత్తర్‌పారాలో తయారు చేశారు. ఫియట్ 1100 ఇటలీది, అదే తర్వాత ప్రీమియర్ పద్మిని అయింది. స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో మద్రాసులో చేసింది ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డ్‌నే. దాని ఆకారం గీసినవాడు ఇటలీ మనిషి, జొవాన్ని మికెలొట్టి. సోకు ఎక్కువా, సౌకర్యం ఎక్కువా అనే పంచాయితీ ఆ మూడింటి దగ్గరే మేము తేల్చుకున్నాము.

ఆదోని పత్తి మార్కెట్టులో ఫియట్ అంటే కొందరికి ప్రాణం. 1089 సీసీ ఇంజను, చిన్న ఒళ్లు, స్టీరింగు తేలిక, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. శాంపిల్ పత్తి పొట్లాలు వెనక సీట్లో వేసుకుని ఒక్కడే తిరిగే బ్రోకరుకు అది చాలు. ఇంటినిండా జనం ఉన్నవాళ్లు మాత్రం అంబాసిడర్ వైపే మొగ్గేవాళ్లు. దాని ఎత్తు దాదాపు 1600 మిల్లీమీటర్లు. ముందు సీటు ఒకే బెంచీ, గేరు స్టీరింగు పక్కన. పెండ్లికి ఎమ్మిగనూరులో చేనేత దుప్పట్లు కొంటే ఆ మూటలు డిక్కీలోకి నేరుగా దిగేవి. ఆ దుప్పట్లు మాచాని సోమప్ప గారు 1938లో నిలబెట్టిన సొసైటీ నుంచి వచ్చేవి. హెరాల్డ్ సోకైన బండి, కానీ దాని సోకు వట్టిది కాదు. బానెట్టు మొత్తం మడ్‌గార్డులతో సహా ముందుకు లేస్తుంది. మేస్త్రీ నేల మీద పడుకోకుండా, నిలబడి ఇంజను పని చేసుకోవచ్చు. ఎంత ఇరుకు సందులోనైనా గిర్రున తిరిగేది. అందం పనికి అడ్డం రాకపోతే ఎవరు కాదంటారు?

అందం ఒక్కటే చూసుకుని చెడిన బండ్లూ మా రోజుల్లో ఉన్నాయి. 1977లో యూరప్‌లో ఆ ఏటి మేటి కారుగా ఎంపికైన రోవర్‌ను 1985లో స్టాండర్డ్ 2000 అని మన దగ్గర దించారు. పొడుగు ముక్కు, ఏటవాలు వెనక భాగం, చూస్తే రెప్ప వాల్చబుద్ధి కాదు. లోపల పెట్టింది మాత్రం పాత వాన్‌గార్డ్ కారు కాలం నాటి ఇంజను. ధర చుక్కల్లో. మూడు నాలుగేండ్లకే మూతపడింది. కాంటెస్సా కూడా అంతే. ఇంగ్లండు వాక్స్‌హాల్ విక్టర్ ఒళ్లు తెచ్చి, మొదట్లో దాంట్లో అంబాసిడర్ 1489 సీసీ ఇంజనే పెట్టారు. అంత బరువు లాగడానికి అది ఏం చాలుతుంది? ఇసుజు ఇంజను వచ్చినాకే ఆ బండి బండి అయింది.

నేను పాతవాటినే మోస్తున్నానని అనుకోవద్దు. 2001లో మన దేశానికి వచ్చిన స్కోడా ఆక్టేవియాను నేను మెచ్చుకున్నాను, ఇప్పటికీ మెచ్చుకుంటా. బయటికి సెడాన్ లాగే హుందాగా కనిపిస్తుంది. డిక్కీ ఎత్తితే వెనక అద్దంతో సహా లేస్తుంది. 528 లీటర్ల చోటు, మూతి అంతా తెరుచుకుంటుంది. శనగకాయ మూట కానీ, ఇత్తడి అండా కానీ వంచకుండా, తిప్పకుండా లోపలికి పోతుంది. ఈ డిక్కీ మూతి సంగతి ఇప్పుడు ఎవరూ అడగరు. లీటర్లు అడుగుతారు. లోపల బావి అంత చోటుండి మూతి ఇరుకైతే ఆ లీటర్లు ఎవరికి?

ఇప్పుడు మా మనవడి బాధ స్లావియానా, వర్టస్సా అని. రాత్రి భోజనం దగ్గర కూడా అదే మాట. ఒకటి స్కోడా, ఒకటి ఫోక్స్‌వ్యాగన్, రెండూ 2022లో వచ్చినవి. రెండూ పూణె దగ్గర చాకన్‌లో తయారవుతాయి. అడుగు ఒకటే, ఇంజన్లు ఒకటే, రెండింటికీ 521 లీటర్ల డిక్కీ, నేల నుంచి 179 మిల్లీమీటర్ల ఎత్తు. రెండింటిలోనూ డీజిలు లేదు. వీడు తేల్చుకోలేనిది ముందు జాలీ ఎట్లుంది, వెనక లైటు ఎట్లుంది అనే! ఆ 179 ఖాళీ బండి లెక్క. ఐదుగురు కూర్చుని, డిక్కీ నింపి, వాన పడిన నల్లరేగడిలో చక్రాల గాట్లు పడ్డ పొలందారిలో పోతే ఎంత మిగులుతుందో కంపెనీ కాగితంలో రాయరు. ఇంజను కింది ఛాంబరు రాయికి తగిలినప్పుడు తెలుస్తుంది.

చక్రాల సంగతి ఇంకొకటి. మా రోజుల్లో రేకు రిమ్ము వంగితే టైరు షాపువాడు సుత్తితో కొట్టి సరిచేసి పంపేవాడు. ఇప్పుడు అలాయ్ చక్రం పెద్దది, దాని మీద టైరు పక్కగోడ పలచన. గుంతలో పడితే దెబ్బ నేరుగా చక్రానికే. అది పగిలితే కొత్తది తెప్పించాల్సిందే, ఆదోనిలో ఆ పొద్దే దొరుకుతుందని ఎవరూ నమ్మకం చెప్పరు. పైన అద్దాల కప్పు అడుగుతున్నాడు మా వాడు. మే నెలలో పన్నెండు గంటలకు ఇక్కడ నెత్తిన గుడ్డ లేనిది ఎవరూ బయటికి రారు. అట్లాంటి ఊర్లో పైకప్పుకు అద్దం కోసం డబ్బు అదనంగా కట్టాలా?

ఒక విషయంలో మాత్రం కొత్త బండ్లకు నేను చేతులెత్తి మొక్కుతా. ఈ స్లావియా, వర్టస్ రెండూ గ్లోబల్ ఎన్‌క్యాప్ గుద్దుడు పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి, పెద్దలకూ పిల్లలకూ కూడా. మా అంబాసిడర్లో ముందు సీట్లో ముగ్గురం, ఒడిలో పిల్లోడు, బెల్టు లేదు, ఏమీ లేదు. ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరుకోను. ప్రాణం కాపాడే పని మీద వాళ్లు పెట్టిన బుద్ధిలో కాస్త వెనక డోరు మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది! పైకప్పు వెనక్కి జారిపోవాలని ఆ డోరు పైభాగాన్ని ఎందుకు కోసేయాలి? ఆ ఏటవాలు గీత బయట నిలబడి చూసేవాడికి. లోపల కూర్చునేవాడికి అది నెత్తికి తగిలే రేకు.

అట్లని పెద్ద ఎత్తు బండి కొనమని నేను అనలేదు. అందరూ ఇప్పుడు దాని వెంటే పడుతున్నారు. దాంట్లోకి ముసలివాళ్లు మెట్టెక్కినట్టు ఎక్కాలి, దిగేటప్పుడు దూకాలి. సీటు అంచు మోకాలికి కాస్త పైన ఉండాలి, పాదాలు రెండూ నేలకు ఆనాలి, అప్పుడే మనిషి తనంత తాను లేస్తాడు. సెడాన్‌లో ఆ కొలత కుదిరించడం కష్టం కాదు. మోరిస్ వాళ్లు డెబ్బై ఏండ్ల కిందట కుదిరించినారు.

మనవడికి చెప్పినాను. ‘ఒరేయ్, డబ్బు నీది, రంగు నీ ఇష్టం, జాలీ నీ ఇష్టం. బయానా ఇచ్చే ముందు మీ అవ్వను వెనక సీట్లో పది నిమిషాలు కూర్చోబెట్టు. తర్వాత ఎవరూ చేయి ఇవ్వకుండా దిగమను. సామాన్ల సంచులు కాదు, నిండు బియ్యం మూట డిక్కీలో పెట్టి, మళ్లీ నువ్వొక్కడివే తీయి. మనం ఐదుగురం ఎక్కి, వాళ్ల షోరూము ముందరున్న స్పీడు బ్రేకరు దాటించు.’ వాడు సరేనన్నాడు. బేస్తవారం పోతున్నాము. అవ్వ వస్తానంది, మూట నేనే కట్టి పెట్టినాను.