వర్షమాపకము మొర

నన్ను జూచినవారు బావిగట్టున నెవరో మరచిపోయిన రాగిచెంబనుకొందురు. నేను వర్షమాపకమను. అయిదంగుళముల నోరు, ఒక గరాటు, దాని క్రింద నొక సీసా, నా శరీరమింతియే. టేకుమొక్కలు మోకాలెత్తైనను లేని కాలమున, ఆదిలాబాదు అడవిలోని యొక బయలున నన్ను నిలిపిరి. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నర గంటలకు కావలివాడు వచ్చి, సీసాలోని నీటిని గీతల గాజుపాత్రలో పోసి, కొలత చూచి పుస్తకమున వ్రాసికొనెడివాడు.

ఈ లెక్క యెందుకందురా? మ్రాను ఎంత పెరుగునో అది పెరుగకమునుపే యెఱుంగుటకు. పెరిగిన తోటయైనచో, ఏబదియేండ్ల వయసున మేటిచెట్ల యెత్తును జూచి ఆ చోటి సారమును నిర్ణయింతురు. చెట్లే లేని చోట నేలను, నింగిని అడుగవలసినదే. 1956లో పేటర్సన్ అను స్వీడను పండితుడు, మిక్కిలి వేడియగు మాసపు ఉష్ణోగ్రత, వార్షిక వర్షపాతము, పెరుగుదలకు అనువగు నెలల సంఖ్య మొదలగువానిని ఒక సూత్రమున గూర్చి, హెక్టారు అడవి ఏటికెన్ని ఘనమీటర్ల కలపనీయగలదో అంచనా కట్టెను. అందు వానకు చోటున్నదని విని నేనెంత గర్వించితినో! ఆ గర్వమును నా ప్రక్కన మట్టిపరీక్షకై త్రవ్విన గొయ్యి అణచినది. నాపై గురిసిన వానయే దిగువనున్న నల్లరేగడి పల్లమునను గురిసెను. అచ్చట నీరు నిలిచి టేకు గిడసబారెను, ఇచ్చట నీరింకిపోవు లోతైన నేలలో నిటారుగ సాగెను. ఆ సూత్రమున నేలకు చోటే లేదు. అడుగున నున్న శిలాజాతిని బట్టి దానిని తరువాత స్పెయిను దేశపువారు సవరించిరి.

ఇక నా కష్టము వినుడు. కావలివాడు మారెను. క్రొత్తవాడు ముసురుదినములలో నాకడకు వచ్చుట మాని, ఇంట గూర్చుండియే తోచిన యంకెలు వ్రాయజొచ్చెను. నా గరాటులో టేకాకు చివికి, చీమలు కాపురముండెను. ఒక కఱవుటేట నేను నోరెండి పడియుండగా, పుస్తకమున మాత్రము వెనుకటియేటి వానలే మరల గురిసినవి! అంతకన్న విచిత్రమొకటి కలదు. చుట్టునున్నది ఎంత యెత్తో దానికి రెండింతల దూరమున నేనుండవలెనని నియమము. నేను దేని పెరుగుదలను చెప్పవచ్చితినో ఆ టేకే పెరిగి నామీద గొడుగు పట్టినది. వాన ఆకులపైనే నిలిచిపోగా, నేను నిజము పలికినను అది అసత్యమే యయ్యెను. అయినను ఆ చెట్లపై నాకు కోపము రాలేదు.

పోయిన వేసవిలో వానిలో నొకదానిని నరికిరి. టేకు ఏటికొక వలయము పెట్టును. వాన చాలని యేట అది సన్నబడును. ఆ కఱవుటేటి వలయము నూలుపోగువలె కనబడెను. పుస్తకము దాచినదానిని మొద్దు బయటపెట్టినది.

అంకెలను నమ్మి అడవిని లెక్కగట్టువారలారా, ముందుగా ఆ యంకె పుట్టిన చోటికి వచ్చి, నా గరాటులోని ఆకును తీసి చూడుడు.