శకటాధిపతి

అమీరుపేట మైత్రీవనము నుండి పంజగుట్ట చౌరస్తాకు పోవుచు, మెట్రో స్తంభముల నీడను విడిచి ప్రక్క సందులలోనికి తిరిగినచో, అపార్టుమెంట్ల నడుమ ఎట్లో బ్రతికి బట్టకట్టిన రెండు మూడు పాత మేడలలో ఒకదాని పోర్టికో క్రింద టార్పాలిను కప్పుకొని, పదునారున్నర అడుగుల పొడవున ఒక మహావస్తువు శయనించియుండుటయు, దాని ప్రక్కన పడకకుర్చీలో, లోకములో ఏమి జరిగినను తలయెత్తక, సందు మలుపున కొత్త అడుగు వినబడినంతనే లుంగీ సర్దుకొని లేచు ఒక పెద్దమనిషి కూర్చుండియుండుటయు మీరు చూచియే యుందురు. వస్తువు 1952 నాటి షెవర్లే కారు. పెద్దమనిషి దాని యజమాని. ఆయన పేరుతో మనకు పనిలేదు. ఇట్టివారు ఈ నగరమున పేటకొకరు గలరు గనుక శకటాధిపతి యనుకొందము.

గేటునకు వ్రేలాడు అట్టమీద 'అమ్మబడును. వింటేజ్ అమెరికన్ కారు. అప్‌గ్రేడెడ్ ఇంజన్' అని ఎర్రరంగుతో వ్రాసియుండును. ఆ అట్టపైననే అమీరుపేట కోచింగువారు పైథాను, జావా, డేటా సైన్సు కరపత్రములను ఒకదానిపై నొకటి అంటించి పోవుచుందురు. శకటాధిపతి ప్రతి ఉదయమును కాఫీ త్రాగకమునుపే వానిని గోటితో గీకివేయును. ఒకనాడు గీకుట మరచినందున ఇద్దరు కుఱ్ఱవాండ్రు వచ్చి, అప్‌గ్రేడెడ్ కోర్సుకు ఫీజెంత అని అడిగిరి.

హైదరాబాదులో అమ్మకమునకు వచ్చు ప్రతి పాతకారునకును నిజాము ప్రభువుతో ఏదో యొక బంధుత్వముండి తీరవలెను. చౌమహల్లా ప్రాసాదమున నున్న 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్‌ను శకటాధిపతి 'మా కారుకు పెదనాన్నవరుస' అనును. ఏ ఆధారముతో అంటిరని యడిగితిరా, అమీరుపేట ఒకప్పుడు పైగా అమీరుల జాగీరు కదా, అంతకంటె ఆధారమేమి కావలెనని మిమ్మే నిలదీయును. నిజమునకు ఈ శకటము పుట్టుక బొంబాయిలో. జనరల్ మోటార్స్ వారు 1928లోనే శివ్డీ యందు కర్మాగారమును పెట్టి, ఓడలలో పెట్టెలుగా దిగిన భాగములను అక్కడ బిగించి అమ్ముచుండిరి; స్వదేశమున తయారుచేయనివారికి ఇక్కడ చోటులేదని ప్రభుత్వము తేల్చిచెప్పగా 1954లో తలుపులు మూసికొని పోయిరి. ఈ చరిత్ర శకటాధిపతికి తెలియక కాదు. తెలిసినదంతయు చెప్పువాడు కారు అమ్మలేడని ఆయన సిద్ధాంతము.

ఇక ఇంజను సంగతి. తండ్రిగారు కొన్ననాడు దీనిలో మూడున్నర లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలింజను, తొంబదిరెండు గుఱ్ఱముల బలముతో నుండెడిది. 1973లో అరబ్బు దేశములవారు చమురు ధరను ఆకాశమున కెత్తినంతనే దాని ఆకలి బయటపడెను. అమీరుపేటలో లీటరు పోయించుకొని బయలుదేరినచో అఫ్జల్‌గంజు చేరకమునుపే మరల నోరు తెరచెడిది. అందుచేత, దేశమందలి అనేక అమెరికా శకటములకు పట్టిన గతియే దీనికిని పట్టి, కొంతకాలమునకు ఒక మేస్త్రీ దానిని పెరికి, మెర్సిడెస్ వారి నమూనాపై బజాజ్ టెంపో వారు చేసిన మెటడారు డీజిలింజనును దానిలో దింపెను. ఆరు సిలిండర్లు పోయి నాలుగు వచ్చినవి. మూడున్నర లీటర్లు పోయి రెండు పాయింటు నాలుగు వచ్చినవి. తొంబదిరెండు గుఱ్ఱములు వెడలిపోగా డెబ్బదికి అటునిటుగా ప్రవేశించినవి. దీనికే అప్‌గ్రేడని పేరు. శకటాధిపతి మాత్రము 'బెంజి గుండె నాయనా' అని బానెట్టుపై మెల్లగా తట్టును. ఆ గుండె కొట్టుకొన నారంభించినచో వీధి చివర నున్నవారు బోరు వేయించుచున్నారని భ్రమసి, నీళ్లెన్ని అడుగులకు పడినవని కనుగొన వత్తురు.

గుండె మారినచో తక్కిన అవయవములు ఊరకుండునా? స్టీరింగు ప్రక్కన నుండిన పాత గేరుకడ్డీకి ఇప్పుడు దేనితోను సంబంధము లేదు, గేర్లన్నియు నేలమీది కడ్డీకి మారినవి. ఐనను ఆయన పాతదానిని కూడ ఒకసారి మర్యాదకు కదపి, తుండుగుడ్డను మరల దానికే తగిలించును. వైపర్లు పెట్రోలింజను పీల్పుతో ఆడునవి. డీజిలింజనునకు అట్టి పీల్పు లేనందున అవి నాటినుండియు నిశ్చలసమాధిలో నున్నవి. ఆరు వోల్టుల రేడియో పండ్రెండు వోల్టులను ఒక్క గుక్కలో త్రాగి శాశ్వతముగా మూగబోయినది. వీనిలో ఏదియు లోపము కాదు. అడిగినవారికి వైపర్లు 'వానకాలములో వింటేజి కారు తీయకూడదు' అను నియమముగను, రేడియో 'డ్రైవింగులో ఏకాగ్రత' గను మారిపోవును.

కొనవచ్చువారు ఏకరీతిగా నున్నచో ఆయన జీవితము సుఖముగ గడచెడిదే. బంజారాహిల్సు నుండి వచ్చు సేకర్త జేబులోనుండి చిన్న అయస్కాంతమును తీసి తలుపులకు ఆనించి చూచును. అంటుకొన్నచోట ఇనుము, జారిపడినచోట లప్పము. ఆయనకు సమస్తము పాతదిగా నుండవలెను. బరాతులకు బండ్లు తిప్పు కాంట్రాక్టరు వచ్చి, 'ఇంజన్ కొత్తదే గదన్నా? పెండ్లికొడుకును మధ్యల దింపొద్దు. టాపు కోస్తే ఇంకా మంచిగుంటది' అనును. మొదటివానితో శకటాధిపతి బానెట్టు తెరవకుండ మాటలాడును. రెండవవానితో బానెట్టు మూయకుండ మాటలాడును. ఒకే ఆదివారమున ఇరువురును వచ్చినప్పుడు, బానెట్టును సగమెత్తి పట్టుకొని నిలిచిన ఆ మహానుభావుని ఓర్పునకు చేతులెత్తి మ్రొక్కవలసినదే.

2021 జులైలో కేంద్రప్రభుత్వము ఆ సగము బానెట్టును కూడ దింపివేసినది. మొదటి రిజిస్ట్రేషను జరిగి ఏబదేండ్లు దాటియుండవలెను, చాసిసుగాని బాడీగాని ఇంజనుగాని చెప్పుకోదగిన మార్పు పొందియుండరాదు, అట్టివానికే వింటేజి హోదా, ఇరువదివేల రుసుము, 'వీఏ' అక్షరములతో ప్రత్యేకమైన నంబరుపలక అని నియమములు వెలువడినవి. శకటాధిపతి ఏబదేండ్ల మాట చదివి స్వీటు పంచెను. ఇంజను మాట చదివి మిగిలిన స్వీటు తానే తినెను. మనిషి నిజాయితీపరుడు గనుక ఇంజను మార్చిననాడే ఆర్సీ పుస్తకమున 'డీజిలు' అని వ్రాయించుకొనెను. ఆ నిజాయితీయే నేడు సాక్ష్యము చెప్పుచున్నది.

పాత ఇంజను ఇంకను ఉన్నది. మెట్ల క్రింద గోనెపట్టాపై దానిని కూర్చుండబెట్టినారు. దాని బల్లపరుపు తలపై ఇంటి ఇల్లాలు ఆవకాయ జాడీని నిలిపి, నలుబదేండ్లుగా ఊట కారకుండ కాపాడుకొనుచున్నది. మరల బిగించుకొందునని సేకర్త ఆశపడి అడిగినప్పుడు ఆవిడ, 'జాడీ ఎక్కడ పెట్టమంటారో ముందు చెప్పండి' అనుటతో ఆ బేరము తెగినది.

మొన్న నొక యువకుడు వచ్చెను. పంజగుట్టలో బిర్యానీ హోటలు తెరువబోవుచున్నాడు. కారు చుట్టును తిరిగి, తలుపు తీసి వేసి, ఫోటోలు దిగి, అంతయు నచ్చినదనెను. శకటాధిపతి ఉత్సాహముతో ఇంజను స్టార్టు చేయబోగా చేయి పట్టుకొని ఆపెను.

"వద్దంకుల్. ఇంజన్ మీరే ఉంచుకోండి, మాకు బాడీ చాలు. క్రేన్‌తో ఎత్తి హోటల్ ముందు పెడతాం. బానెట్ లోపల తందూరు పెట్టిస్తే అదిరిపోతుంది."

ఆయన నోట మాట రాలేదు. లోపలినుండి ఇల్లాలు మాత్రము, "ఏమండీ, అది కూడా మెట్ల కిందే పెట్టించండి. మాగాయకు చోటు చాలడంలేదు" అని కేకవేసినది.

శకటాధిపతి తుండుగుడ్డతో ముఖము తుడుచుకొని, తిరిగి పడకకుర్చీలో కూర్చుండెను.

"ఇంజనుతో అయితే ఎనిమిది లక్షలు బాబూ. ఇంజను లేకుండా అయితే తొమ్మిది."

"అదెట్లంకుల్?"

"అట్లా కూర్చో, చెబుతాను. నైన్టీన్ ఫిఫ్టీటూలో మా నాన్నగారు..."