బి సైడు

కడపలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దమనిషి తన మేడ మీద ‘ఎనభైల సాయంత్రం’ ఏర్పాటు చేశాడు. చుట్టాలను, డిగ్రీలో తనతో చదివిన వాళ్లను పిలిచాడు. మనవళ్లకు బెల్‌బాటమ్ ప్యాంట్లు కుట్టించాడు. అవి డెబ్భైల నాటివని ఎవరూ అనలేదు.

మెట్లెక్కగానే పొడుగాటి బల్ల. దాని మీద మర్ఫీ రేడియో, పక్కనే దాని లైసెన్సు పుస్తకం. ఏటా పోస్టాఫీసుకు పోయి రుసుం కట్టి తెచ్చుకున్న ముద్రలు అందులో వరసగా ఉన్నాయి. చందమామ బైండు, గోల్డ్‌స్పాట్ సీసా, సినిమా హాలు బయట కొన్న పాటల పుస్తకాలు కూడా పెట్టాడు. వీటన్నిటి నడుమ గాజుపెట్టెలో ఒక క్యాసెట్టు. ఇంత హడావుడీ దాని కోసమే.

అరవై నిమిషాల క్యాసెట్టు. ఏ సైడు ‘శంకరాభరణం’, బి సైడు ‘సాగర సంగమం’. 1983లో, ఆ రెండో సినిమా వచ్చిన ఏడే, రికార్డింగు షాపులో ఎక్కించుకున్నాడు. కావలసిన పాటలు కాగితం మీద రాసి, క్యాసెట్టు ఇచ్చి వస్తే, షాపతను ఎల్పీ రికార్డుల నుంచి ఒక్కొక్కటే ఎక్కించి పెట్టేవాడు. పాటకింత అని లెక్క.

దాన్ని పెన్‌డ్రైవులోకి మార్చడానికి సౌండు సిస్టమ్ కుర్రాడిని ఇంటికి పిలిపించాడు. కుర్రాడు క్యాసెట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. వీపు అంచున రెండు కొసల్లోనూ చిన్న సందులు. రెంటిలోనూ మడిచి కుక్కిన గులాబీ రంగు కాగితం.

“ఇదేంది సార్?”

పెద్దమనిషి ముఖం వెలిగింది. ఆ సందుల్లో మొదట ప్లాస్టిక్ ముక్కలుంటాయి. వాటిని విరిచేస్తే టేప్‌రికార్డరులో రికార్డు మీట కిందికి దిగదు. కొత్తది ఎక్కదు, పాతది చెరగదు. కంపెనీ క్యాసెట్లు ఆ ముక్కలు లేకుండానే వచ్చేవి. సందులో కాగితం కుక్కితే మీట మళ్లీ దిగుతుంది. ఇదంతా చెప్పి, “మా కాలం తెలివితేటలు” అన్నాడు.

“అయితే ముందు దీంట్లో ఏముండేది?”

“ఏదో పాతదిలే. ఖాళీ క్యాసెట్టు కొనే డబ్బులు అప్పుడెక్కడివి?”

“కొత్త పాట ఎక్కినంత మేర పాతది మిగలదు సార్. రికార్డు హెడ్డుకు ముందు ఎరేజ్ హెడ్డు ఉంటుంది, తుడుచుకుంటా పోతుంది.”

“తెలుసులే.”

కుర్రాడు పట్టకారుతో కాగితాలు బయటికి లాగాడు. ఒకే సినిమా టికెట్టు రెండు ముక్కలు. పెద్దమనిషి వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మర్నాడే లామినేషన్ చేయించి గాజుపెట్టెలో క్యాసెట్టు పక్కన పెట్టాడు.

హోరు తగ్గించి, పాటకూ పాటకూ మధ్య ఖాళీలు కత్తిరించి ఇస్తానన్నాడు కుర్రాడు. పెద్దమనిషి ఒప్పుకోలేదు. హోరు ఉండాలి, ఖాళీలు ఉండాలి, టేపు మొదలు నుంచి చివరిదాకా ఎలా ఉందో అలాగే రావాలి. ఆయన కూడా ఎన్నడూ చివరిదాకా తిరగనిచ్చింది లేదు. బి సైడులో ఆఖరి పాట కాగానే తీసేసి ఏ సైడుకు తిప్పేవాడు. టేపు అరిగిపోతుందని భయం.

సాయంత్రం ఆరింటికి మొదలైంది. ముందుగా గోడ మీద తండ్రి ఫొటోకు దండ వేశాడు. తండ్రి డెబ్భైల చివర్లో కువైట్ పోయాడు. రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఆ రోజుల్లో అలా పోయినవాళ్లు ఎందరో. కొందరు తిరిగొచ్చి మేడలు కట్టారు. ఈయన 1982లో అక్కడే పోయాడు.

ఫొటో కింద కుర్చీలో తల్లి కూర్చుంది. ఆమెకు పాటల మీద ధ్యాస లేదు. వచ్చినవాళ్లకు కాఫీ అందిందా లేదా అని కోడల్ని పదేపదే అడుగుతోంది.

పెద్దమనిషి మైకు పట్టుకున్నాడు. ఇప్పటి పిల్లలు వేలితో ఒక్క తోపు తోస్తే పాట పోతుందన్నాడు. ఫోటోలు వేలకు వేలు తీసి ఒక్క నొక్కుతో తుడిచేస్తారన్నాడు. “మాకు దాచుకోవడమే తెలుసు. ఈ క్యాసెట్టును నలభై ఏళ్లు కంటికి రెప్పలా కాపాడినా” అన్నాడు. చప్పట్లు కొట్టారు.

ఏ సైడు అయ్యేసరికి సగం మంది గొంతు కలిపారు. బి సైడుకు ఒకాయన లేచి అడుగులు కూడా వేశాడు. బాలసుబ్రహ్మణ్యం పోయిన 2020 గురించి ఎవరో ఎత్తారు, ఇంకెవరో వద్దన్నారు. ఆఖరి పాట అయిపోయింది. మళ్లీ చప్పట్లు. కోడలు మైసూరుపాకు పళ్లెం తెచ్చింది.

స్పీకర్లలో హోరు సాగుతూనే ఉంది. టక్కుమని చప్పుడైంది. తర్వాత ఒక మగ గొంతు.

“... ఉత్తరమైతే నీకు ఎవురో ఒకరు చదివి పెట్టల్ల. ఇదైతే నువ్వే ఇనొచ్చు. అయిపోయినాక ఎనకాల ప్లాస్టిక్కు ముక్కలు రెండూ ఇరిచేసి పంపిస్తా మే. ఇంగ దీన్ని ఎవురూ చెరపలేరు. మనవళ్లు పుట్టినాక వాళ్లకు గూడా ఇనిపిద్దువు. ఉంటా.”

తల్లి ఫొటో వంక చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

“దీన్ని ఎలకలు కొరికేసినాయంటివి కదరా?”