ట్యాంక్ సార్

వనపర్తిలో మే నెల మధ్యాహ్నం. ట్యాంక్ సార్ ఇంట్లో మనుషులు వరండాలో విసనకర్రలు ఊపుకుంటుంటారు. కూలర్ హాల్లో చేప మీదికి తిరిగి ఉంటుంది.

"మనకు చెమట పోస్తది, ఆరితే సల్లగైతం. దానికేం పోస్తది? సెప్పు!" అంటాడు సార్.

చెప్పలేక టీ తాగేస్తాను.

ఇలాంటి సార్ గద్వాలలో ఒకాయన, నాగర్‌కర్నూల్‌లో ఒకాయన ఉన్నారు. ఒకరికొకరు తెలియదు గానీ మాట ఒక్కటే. గద్వాలాయన జూరాలకు పోయేది అందరిలా ఫ్రై చేపకు కాదు, మేతకు పరకలు ఏరుకోడానికి. మా వనపర్తి సార్ మాత్రం ట్యాంకు నీళ్ళు పైపుతో నోటితో గుంజి, ఓ గుక్కెడు మింగేసి, "సరళాసాగర్ టెక్నాలజీ!" అని తుడుచుకుంటాడు. ఆ ప్రాజెక్టులో నీళ్ళు నిండితే సైఫన్లు వాటంతటవే పనిచేస్తాయి, ఎవరూ మింగక్కర్లేదు. ఆ మాట ఆయనతో అనలేదు.

ట్యాంకులో ఉన్నది జానెడు చేప. ఎగువ అస్సాం వాగుల నుంచి హైదరాబాద్ దుకాణం దాకా వచ్చిన రెయిన్‌బో స్నేక్‌హెడ్. మన కొరమీనుకు పినతల్లి బిడ్డ వరస. కొండకింద నీళ్ళలో పుట్టింది కాబట్టి చలికాలం దానికి ఇరవై డిగ్రీల లోపు చల్లదనం కావాలి. ఏడాదంతా వెచ్చగా ఉంచితే నీరసిస్తుంది. అందుకే డిసెంబరు రాత్రుళ్ళు సార్ కిటికీలన్నీ తెరుస్తాడు. ఇంటిల్లిపాదీ గొంగళ్ళలో దూరుతారు. ట్యాంకులో మూడు థర్మామీటర్లు. పిల్లకు జ్వరమొస్తే మాత్రం నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు.

ఎండాకాలం ఇంకో శాస్త్రం. నీళ్ళు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది: 10 డిగ్రీల నీళ్ళు లీటరుకు 11 మిల్లీగ్రాములు పట్టుకుంటే, 30 డిగ్రీల నీళ్ళు ఏడున్నరే. కూలర్ గాలికి పైనీళ్ళు ఆవిరై రెండు మూడు డిగ్రీల వేడి దిగుతుంది. ఐసు గడ్డలు గబుక్కున పడేయకూడదు, వేడి కన్నా ఉన్నట్టుండి మారడమే ప్రమాదం. ఇదంతా నిజమే. సార్ చెప్పేవన్నీ నిజాలే, అదే మాకు కష్టం. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ళ సీసాలు ట్యాంకులో తేలడానికి వరసలో ఉంటాయి. పెరుగు మాత్రం బయట పులుస్తుంది.

తోడు చేపల సంగతి ఎత్తితే మాత్రం సాయంత్రం గడిచిపోతుంది. మొదట ఎనిమిది గప్పీలు తెచ్చాడు. తెల్లారేసరికి లెక్క సున్నా. "నోట్ల పట్టేది తోడు కాదు, మేత" అన్న సూత్రం ఆ రోజు పుట్టింది. తర్వాత నోట్లో పట్టని ఆస్కార్ తెచ్చాడు. అది అమెజాన్‌ది, ఏడాదంతా వెచ్చగా ఉంటే గానీ కుదుటపడదు. "ఒకటి దుప్పటి అడుగుతది, ఒకటి ఫ్యాన్ అడుగుతది. ఎట్ల కాపురం జేస్తయి?" అని తిరిగిచ్చేశాడు. కలిసి బతకడం గురించి గంటలు చెప్పే ఈయన, ప్రహరీ గోడ తగాదా మీద సొంత తమ్ముడితో మూడేళ్ళుగా మాట్లాడట్లేదు.

చివరికి వేలెడంత కొరమీను పిల్లను తెచ్చాడు. తెలంగాణ రాష్ట్ర చేప. "మనది గదా, సర్దుకుంటది." అది సర్దుకుంది. వేడి అడగలేదు, చలి అడగలేదు. పెట్టిందల్లా తిని ఏడాదిలో మోచేయంత అయింది. పోయిన ఆదివారం ట్యాంకులో థర్మామీటర్లు మూడూ ఉన్నాయి, అస్సాం చేప లేదు. కొరమీనూ లేదు. మూత నెట్టేసుకుని దూకి, గాలి పీల్చుకుంటూ వంటింటి గడప దాకా పాకి వచ్చింది.

"దీన్ని ఎన్ని డిగ్రీలల్ల పెట్టాలె?" అన్నది సార్ భార్య.

సార్ నోరు తెరిచేలోపు నేను వంటింట్లోకి చూశాను. గిన్నెలో చింతపండు నానుతోంది.